తాకిన చోటే పుండు: నోటి క్యాన్సర్ కారణాలు ఎలా బయటపడ్డాయి

1795లో జర్మన్ శరీరశాస్త్రవేత్త శామ్యూల్ సోమరింగ్ ఒక సంగతి రాసిపెట్టాడు. పైపు పీల్చేవాళ్లకు కింది పెదవి మీద క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని, అదీ పైపుకూ పళ్లకూ మధ్య పెదవి నలిగే చోట వస్తోందని. జన్యువు అన్న మాటే పుట్టని రోజులవి. ఆయన దగ్గరున్న ఆధారమల్లా పుండు లేచిన చోటు. తర్వాత రెండు శతాబ్దాల్లో తేలినవి చాలావరకు ఆ గమనికకు కొనసాగింపే అని నాకనిపిస్తుంది.

1933లో తిరువాన్కూరులో (నేటి దక్షిణ కేరళ) పనిచేసిన ఓర్ అనే డాక్టరు అదే తీరును బుగ్గలో చూశాడు. పొగాకు కలిపిన తాంబూలం ముద్దను దవడన పెట్టుకునేవాళ్లకు నోటి క్యాన్సర్ వస్తున్న తీరును ఆయన వివరంగా నమోదు చేశాడు.

అన్నిటికంటే కళ్లకు కట్టే ఉదాహరణ కోస్తాంధ్రలో దొరికింది. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని అక్కడ అడ్డపొగ అంటారు. అలవాటున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పొగా వేడీ నేరుగా అంగిలికి, అంటే నోటి పైకప్పుకు తగులుతాయి. అక్కడి చర్మం తెల్లగా మందమెక్కి, లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. గట్టి అంగిలికి (ఎముక ఉన్న ముందు భాగానికి) క్యాన్సర్ రావడం ఇతరచోట్ల అరుదు, ఇక్కడ మాత్రం పదేపదే కనిపించింది. 1957లో దీన్ని వైద్య పత్రికలో రాశారు. 1971లో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది.

పొగాకు సంగతి ఇలా తేలినా, వక్క మాత్రం చాలాకాలం తప్పించుకుంది. 1952లో ష్వార్ట్జ్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలోని కొందరు భారతీయ మహిళల్లో ఒక వింత జబ్బును వర్ణించాడు. బుగ్గ లోపలి పొర నారలా బిగుసుకుపోతుంది, కారం తగిలితే మంట. చివరికి నోట్లో మూడు వేళ్లు పట్టడమే కష్టమవుతుంది. దీన్నే ఇప్పుడు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటున్నాం. దీనికి ప్రధాన కారణం వక్కే. కొందరిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1985లో పొగాకు కలిపిన తాంబూలాన్ని క్యాన్సర్ కారకమని తేల్చింది. పొగాకు లేని వక్కను కూడా ఆ జాబితాలో చేర్చింది 2004 నివేదికలో. ‘పొగాకు లేదు కదా’ అనుకుని వక్కపొడి నమిలేవాళ్లకు ఈ సంగతి ఇప్పటికీ సరిగ్గా చేరలేదు. అదే నా బాధ.

మద్యాన్ని ఇదే సంస్థ 1988లో ఆ జాబితాలో పెట్టింది. శరీరం మద్యాన్ని అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. పొగాకు తోడైతే ముప్పు రెండిటి కూడికలా కాకుండా హెచ్చవేతలా పెరుగుతుంది. కింది పెదవికి మాత్రం ఏళ్ల తరబడి తగిలే ఎండ కూడా శత్రువే. హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) పేరు ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది కానీ, అది ప్రధానంగా టాన్సిళ్లు, నాలుక మొదలు దగ్గర వచ్చే గొంతు క్యాన్సర్లకు కారణం. బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్లలో దాని పాత్ర తక్కువ.

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 3,90,000 మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చింది. దాదాపు 1,88,000 మంది చనిపోయారు. కడుపులోనో ఊపిరితిత్తుల్లోనో దాగిన గడ్డ కాదిది, నోరు తెరిస్తే కనిపించేది. అయినా ఆలస్యంగా పట్టుబడుతోంది, ఎందుకంటే తొలి దశలో నొప్పి ఉండదు. తుడిచినా పోని తెల్లమచ్చ, అంతకంటే ప్రమాదకరమైన ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, ఇవీ తొలి గుర్తులు.

తిరువనంతపురం జిల్లాలో జరిగిన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వెలుతురులో నోళ్లు పరీక్షించారు. 2005లో ఫలితాలు వచ్చాయి: పరీక్షలు జరగని ప్రాంతాలతో పోలిస్తే పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.