పూల తైలవర్ణ చిత్రాలు: అపోహలు – వాస్తవాలు

పాత తైలవర్ణ చిత్రాలను శుభ్రపరచి, చెడిన చోట బాగుచేయడం నా వృత్తి. పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి పూల చిత్రాల గురించి నా దగ్గర ప్రస్తావించేవారు చాలామంది ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకొని వస్తారు.

అపోహ: నేపథ్యం బూడిద, గోధుమ వన్నెలలో ఉంటే చిత్రానికి మురికి పట్టినట్లే.

వాస్తవం: పూల చిత్రాలకు పేరొందిన ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ ఫాంతాన్-లాతూర్ (1836–1904) చిత్రాల విషయంలో ఈ తీర్పు తరచుగా తప్పుతుంది. గులాబీల లేత వన్నెలు తేటగా కనబడాలని ఆయన కావాలనే వెనుక ఏ అలంకారమూ లేని మసక రంగు వేసేవారు. రేకులపై రంగు మందంగా ఉన్నా, నేపథ్యంలో చాలాచోట్ల అది పలుచగానే ఉంటుంది కనుక, తెల్లబడేదాకా తుడిస్తే పోయేది మురికి కాదు, చిత్రమే. చిత్రంపై రక్షణగా పూసే పారదర్శక పూత, అంటే వార్నిష్, నిజంగా పసుపు బారిందా అని తెలుసుకోవాలంటే నేపథ్యాన్ని కాక తెల్ల పూలను చూడాలి. అవి కూడా ఒకే తీరున పసుపు బారితేనే వార్నిష్‌ను అనుమానించాలి.

అపోహ: తైలవర్ణం మారదు, ఇప్పుడు కనబడే రంగే చిత్రకారుడు వేసిన రంగు.

వాస్తవం: విన్సెంట్ వాన్ గో డచ్చివాడే అయినా, 1890 మే నెలలో దక్షిణ ఫ్రాన్సులోని సేన్-రెమీ చికిత్సాలయాన్ని విడిచే ముందు గీసిన నాలుగు పూల చిత్రాలు దీనికి అందరూ చూడదగిన సాక్ష్యం. వాటిలో రెండు గులాబీలవి, రెండు ఐరిస్ పూలవి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని గులాబీలు నేడు దాదాపు తెల్లగా ఉన్నాయి గాని, వేసిననాడు అవి గులాబీ రంగువే. బల్ల అంచున, కొన్ని రేకుల మీద ఆ వన్నె జాడ ఇంకా మిగిలింది. కారణం ఇయోసిన్ అనే కృత్రిమ ఎరుపు. వెలుతురుకు అది నిలవదు. అదే ఎరుపు వెలిసిపోవడం వల్ల ఊదా రంగు ఐరిస్‌లు నీలంగా మారాయి. ఇటువంటి నష్టాన్ని ఏ శుభ్రతా పూరించలేదు, పైన కొత్త ఎరుపు పూయడం నా దృష్టిలో మరమ్మతు కానే కాదు.

అపోహ: పూల చిత్రం చిన్నపాటి కాలక్షేపం.

వాస్తవం: ఫ్రెంచి చిత్రకళా అకాడమీ వర్గీకరణలో నిశ్చల చిత్రానికి, అంటే పూలు, పండ్లు, పాత్రల వంటి కదలని వాటి చిత్రానికి, అట్టడుగు స్థానం దక్కిన మాట నిజమే. అయినా ఫాంతాన్-లాతూర్‌కు జీవనాధారం ఎక్కువగా పూల చిత్రాలే. ఎడ్విన్ ఎడ్వర్డ్స్ దంపతులు వాటిని ఇంగ్లండులో అమ్మిపెట్టేవారు. ఫాంతాన్-లాతూర్ భార్య విక్టోరియా దుబూర్ కూడా పూల చిత్రాలతో పేరున్న చిత్రకారిణి.

అపోహ: బంగాళాదుంప ముక్కతోనో ఉల్లిపాయతోనో రుద్దితే చిత్రం మెరుస్తుంది.

వాస్తవం: అన్నింటిలోనూ ఎక్కువ హాని చేసేది ఇదే. ఆ తడి సన్నని పగుళ్ల గుండా కిందికి దిగి, కాన్వాసుకు పూసిన జిగురును ఉబ్బించి, రంగు పొరను పెచ్చులుగా లేపుతుంది. దుంపలోని పిండి పదార్థం పగుళ్లలోనే మిగిలిపోతుంది. ఉమ్మితో తడిపిన దూదిపుల్లను మేము వాడతామన్నది నిజమే గాని, ముందుగా ఒక మూల పరీక్షించి, ఆ రంగు తడికి ఓర్చుకుంటుందని నిర్ధారించుకున్నాకే వాడతాం. ఇంట్లో చేయదగినది మెత్తని పొడి కుంచెతో పైపై దుమ్ము దులపడం మాత్రమే. రంగు ఎక్కడైనా లేస్తున్నట్లు కనబడితే అదీ చేయకూడదు.