జ్వరం వెళ్ళిపోయాక వచ్చిన జబ్బు

పిల్లలూ,

మీ ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం చదివాను. చేతిరాతలు మూడున్నా ప్రశ్న ఒకటే. మీ క్లాసు అమ్మాయికి జలుబూ జ్వరమూ వచ్చి నాలుగు రోజుల్లో తగ్గాయి. బడికి వచ్చింది, ఆడుకుంది. పది రోజుల తర్వాత ఓ పొద్దున ఎంత లేపినా సరిగ్గా లేవలేదు. లేచాక తూలింది. వాళ్ళమ్మనే కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. "ఆ జ్వరమే తిరగబెట్టిందా తాతయ్యా? మాక్కూడా అంటుకుంటుందా?" అని అడిగారు.

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీరు చదవరు. అంటుకోదు. మొదట వచ్చిన జలుబు అంటుకునేదే గాని, ఈ రెండో జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకదు. లక్షమంది పిల్లల్ని లెక్కేస్తే ఏడాదికి వాళ్ళలో ఒక్కరికి కూడా రాదు, అంత అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా పదేళ్ళలోపు వాళ్ళకే వస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. జ్వరం తిరగబెట్టలేదు. జ్వరాన్ని తెచ్చిన క్రిమిని ఒళ్ళు ఎప్పుడో తరిమేసింది. ఇప్పుడు గొడవ చేస్తున్నది ఆ తరిమినవాళ్ళే, అంటే ఒంటికి కాపలా కాసే కణాలే.

దీని పేరు అక్యూట్ డిసెమినేటెడ్ ఎన్‌సెఫలోమైలైటిస్. నోరు తిరగదు గాని, విడగొడితే తేలికే. అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చినది. డిసెమినేటెడ్ అంటే అక్కడక్కడా చెదురుమదురుగా. ఎన్‌సెఫలో మెదడు, మైలో వెన్నుపాము, ఐటిస్ అంటే వాపు. డాక్టర్లు పొట్టిగా ఏడెమ్ అంటారు. మనమూ అలాగే అందాం.

నరాల్లో చాలావాటికి కొవ్వుతో చేసిన చుట్ట ఒకటి ఉంటుంది. 1854లో రుడాల్ఫ్ విర్షో అనే జర్మన్ వైద్యుడు దానికి మైలిన్ అని పేరు పెట్టాడు. మెదడులో కొన్ని కణాలకు ఇదే పని. ఒక్కో కణం పది వైపులా చేతులు చాచి, చుట్టుపక్కల నరాలకు తలా కాస్త మైలిన్ చుడుతుంది. చుట్టకీ చుట్టకీ మధ్య సన్నటి ఖాళీ వదులుతుంది. నరంలో పోయే కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుతూ పోతుంది, అందుకే అంత వేగం. చుట్ట ఊడిపోతే కబురు నెమ్మదిస్తుంది, లేదా దారిలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు ఓ కాపలా కుక్కని ఊహించుకోండి. రాత్రి దొంగ వచ్చాడు, మొహానికి నీలం గళ్ళ తుండుగుడ్డ కట్టుకుని. కుక్క తరిమింది. మొహం చూడలేదు గాని నీలం గళ్ళు బాగా గుర్తుపెట్టుకుంది. వారం పది రోజుల తర్వాత ఇంటి తాత నీలం గళ్ళ తుండుగుడ్డ భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాడు. కుక్క ఎగిరి పట్టుకుంది. అది పిచ్చికుక్కా కాదు, చెడ్డకుక్కా కాదు. తన పని తాను చేసింది, గుర్తు తప్పింది, అంతే. క్రిమి ఒంటిమీది ఏదో తునక, మైలిన్ మీది ఏదో తునక ఒకేలా ఉంటే ఇలా పొరబడే వీలుందని వైద్యులు అనుకుంటారు. అందుకే జబ్బు జ్వరంతోపాటు రాదు, రెండు మూడు రోజుల నుంచి మూడు నాలుగు వారాల లోపు వస్తుంది. కుక్క నేర్చుకోవడానికీ దాని పిల్లలు (అంటే కొత్త కాపలా కణాలు) పెరగడానికీ ఆ మాత్రం రోజులు పట్టాలిగా!

అసలు కుక్కలకూ ఈ జబ్బుకూ నిజంగానే చుట్టరికం ఉంది. 1885 జులైలో పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి టీకా వేయించాడు. రేబిస్ ఎక్కించిన కుందేళ్ళ వెన్నుపాముని ఎండబెట్టి చేసిన మందు అది. పిల్లవాడు బతికాడు. తర్వాత చాలాకాలం రేబిస్ టీకాలు జంతువుల మెదడుతోనో వెన్నుపాముతోనో చేసేవారు. మా చిన్నతనంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనేవారు చూడండి, అవి ఆ జాతివే. వేయించుకున్నవాళ్ళలో ఎక్కడో ఒకరికి కొద్ది రోజుల్లో కాళ్ళు పడిపోయేవి. రేబిసే వచ్చిందేమో అని భయపడేవారు. 1930లలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో థామస్ రివర్స్, ఆయన జట్టువాళ్ళు కోతులకు మామూలు కుందేలు మెదడు సారాన్ని పదేపదే ఎక్కించి చూశారు. అందులో ఏ క్రిమీ లేదు. అయినా కొన్ని కోతులు తూలాయి, వాటి మెదడులో మైలిన్ ఊడిపోయింది. తప్పు క్రిమిది కాదు, కాపలాది అని అలా తేలింది. ఇప్పటి రేబిస్ టీకాలను ప్రయోగశాలలో పెంచిన కణాల్లో చేస్తారు, వాటిలో మెదడు ముక్క ఉండదు. కాబట్టి ఈ కథ చెప్పి టీకా ఎగ్గొడదామని చూడకండి. తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మందిలో ఒకరికి ఇలాంటి మెదడువాపు వచ్చేది. తట్టు టీకా పడ్డ చోటల్లా అది దాదాపు మాయమైంది.

మీ స్నేహితురాలి దగ్గరికి వద్దాం. ఈ జబ్బులో ముఖ్యమైన గుర్తు తూలడం కాదు, మనిషి మారిపోవడం. అతిగా మగత, అయోమయం, ఊరికే చిరాకు, మాటకి సంబంధం లేని మాట. జ్వరం తీవ్రతతోనో, ఫిట్స్ వచ్చిన తర్వాతి మత్తుతోనో వివరించలేనంత మార్పు కనిపిస్తేనే డాక్టర్లు ఏడెమ్ అనడానికి సిద్ధపడతారు. దాంతోపాటు తలనొప్పి, వాంతులు, ఒకవైపు చెయ్యీ కాలూ బలం తగ్గడం, చూపు మసకబారడం, ఫిట్స్ రావచ్చు. వెన్నుపాము దెబ్బతింటే మూత్రం రాక పొట్ట కింద ఉబ్బుతుంది. పెద్దవాళ్ళు పొరపడేది ఇక్కడే. "జ్వరంతో నీరసించింది, పడుకోనీ" అని ఒకరోజు వదిలేస్తారు. జ్వరం తగ్గి నడుస్తున్న పిల్ల మళ్ళీ మత్తుగా పడి ఉంటే పడుకోనివ్వకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీ ఎదుట ఎవరికైనా ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు.

ఆస్పత్రిలో ఎమ్మారై తీస్తారు. అరగంటా ముప్పావుగంటా కదలకుండా పడుకోవాలి, యంత్రం డబడబమని చప్పుడు చేస్తుంది, చిన్నపిల్లలైతే నిద్రపుచ్చే మందిస్తారు. ఆ బొమ్మల్లో మైలిన్ ఉండే చోట దూదిపింజలు విసిరినట్టు పెద్దపెద్ద తెల్ల మచ్చలు కనిపిస్తాయి, అంచులు స్పష్టంగా ఉండవు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అని మైలిన్ ఊడే ఇంకో జబ్బు ఉంది, అందులో మచ్చలు సాధారణంగా చిన్నవి, అంచులు గీసినట్టు ఉంటాయి. తర్వాత పిల్లని పక్కకి ముడుచుకుని పడుకోమని, నడుము దగ్గర వెన్నుపాము ముగిసిన చోటుకి కిందుగా సన్నటి సూదితో కాస్త నీరు తీస్తారు. అందులో తెల్లకణాలు, ప్రొటీను కొంచెం పెరిగి ఉండవచ్చు. హెర్పిస్ క్రిమి ఉందేమో కూడా చూస్తారు. హెర్పిస్ మెదడువాపు చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ఆలస్యం చేస్తే చాలా నష్టం. అందుకే ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు ఎక్కిస్తూనే ఉంటారు. "జబ్బు తెలియకుండానే మందులా?" అని ఎవరైనా అంటే ఇదీ కారణమని చెప్పండి. రక్తంలో మాగ్ యాంటీబాడీ కూడా వెతుకుతారు, అంటే కాపలా కణాలు తయారుచేసి మైలిన్ మీదికి వదిలే ఒక ప్రొటీను. ఏడెమ్ వచ్చిన పిల్లల్లో సుమారు సగం మందిలో అది దొరుకుతుంది.

మందు ముఖ్యంగా స్టెరాయిడ్. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అని, కిలో బరువుకి రోజుకి 20 నుంచి 30 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇరవై కిలోల పిల్లకి 30 చొప్పున అయితే 600. ఎంత బరువున్నా రోజుకి ఒక గ్రాము దాటరు. మూడు నుంచి అయిదు రోజులు ఇలా, తర్వాత మాత్రలు. మాత్రని తగ్గించుకుంటూ పోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇది కుక్క మెడకి గొలుసు వేయడం లాంటిది. ఒక్కసారిగా విప్పితే మళ్ళీ తాత మీదికే ఉరుకుతుంది కదా, రోజుకో మూర చొప్పున వదులు చేయాలి. మూడు వారాల్లోపే ఆపేసిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఇంకో సంగతి, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ చేసే గ్రంథి ఈ మందు వస్తున్నన్నాళ్ళూ నిద్రపోతుంది, లేవడానికి దానికీ గడువు కావాలి. పిల్ల లేచి తిరుగుతోందని ఇంట్లోవాళ్ళు తమంతట తాము మాత్ర మానేయడమే ఎక్కువగా జరిగే తప్పు.

స్టెరాయిడ్‌కి లొంగకపోతే ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తారు, కిలోకి మొత్తం రెండు గ్రాములు, రెండు నుంచి అయిదు రోజుల్లో. అదీ చాలకపోతే ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని పసుపు నీటిని తీసేసి వేరేది పెట్టడం, సాధారణంగా రోజు మార్చి రోజు అయిదు నుంచి ఏడు సార్లు. దీనికి నా కుక్క పోలిక పనికిరాదు. కుక్క రాల్చిన వెంట్రుకలు ఊడ్చేయడం అందామనుకున్నాను గాని మీరు నవ్వుతారు.

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో కోలుకుంటారు. మైలిన్ మళ్ళీ అల్లుకుంటుంది. కొత్త చుట్ట పాతదానంత మందంగా ఉండదు గాని పని జరుగుతుంది. ఇదెలా సాధ్యమవుతుందో ఎంత చదివినా నాకు ఆశ్చర్యం తీరలేదు. నడక వచ్చేసినా కొందరిలో ధ్యాస నిలవడం, చకచకా లెక్క చేయడం ఆలస్యమవుతాయి. ఆ అమ్మాయి బడికి వచ్చాక జవాబు చెప్పడానికి కాస్త ఎక్కువసేపు తీసుకుంటే మీరు అందుకుని చెప్పేయకండి. ఆగండి. మొద్దు అన్నవాళ్ళ చెవి నేను వచ్చి మెలేస్తాను. మూడు నెలలు దాటాక మళ్ళీ ఇలాంటిదే వస్తే మాత్రం అది ఏడెమేనా, వేరేదా అని డాక్టర్లు మొదటినుంచీ చూస్తారు. ఏమీ రాకపోయినా కొన్ని నెలలకు ఇంకో ఎమ్మారై తీయడం మామూలే.

చూడ్డానికి వెళ్ళండి, కానీ ఒక్కొక్కరుగా. జలుబున్నవాళ్ళు వద్దు, స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు కాపలా మొత్తం మందగిస్తుంది. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే అదే రోజు వాళ్ళింట్లో చెప్పండి, ఆమెకది ప్రమాదం. బుగ్గలు ఉబ్బి ఉంటాయి, ఎప్పుడూ ఆకలంటుంది, ఊరికే కోపం వస్తుంది. అన్నీ మందు వల్లే. ఒకసారికి ఒకే ప్రశ్న అడగండి. ఆమెకి ఏ కన్ను బాగా కనిపిస్తుందో కనుక్కుని ఆ వైపు కూర్చోండి.

మైలిన్ గురించి ఇంకా చెప్పమంటారని తెలుసు. చెప్పను, మీరే చూడండి. ఈసారి గడపకి కాలి బొటనవేలు తగిలినప్పుడు (కావాలని కొట్టుకోకండి) అరవడం ఒక్క క్షణం ఆపి గమనించండి. తగిలిందని ముందు తెలుస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది. తర్వాత, చిటికెంత ఆలస్యంగా, మంటగా సలుపు మొదలవుతుంది. మొదటి రెండూ మైలిన్ ఉన్న నరాల్లో వచ్చిన కబుర్లు. ఆ సలుపు మైలిన్ లేని నరంలో వచ్చింది, సెకనుకి ఒక మీటరు చొప్పున. మైలిన్ బాగా మందంగా ఉన్న కొన్ని నరాల్లో ఆ వేగం 100 మీటర్లు దాటుతుంది. మీ వేలికీ నడుముకీ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ ఆలస్యం ఎంత ఉండాలో లెక్కకట్టి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య