ఉబ్బిన ముఖానికి కార్టిసాల్ ఎంత కారణం, ఉప్పు ఎంత కారణం: అపోహలు - వాస్తవాలు

పాతికేళ్ల యువతీయువకులు ఈ మధ్య మా ఓపీ గదిలో కూర్చోగానే ముందుగా ఫోను చేతికిస్తున్నారు. అందులో రెండు ఫొటోలుంటాయి, ఒకటి ఏదో శుభకార్యంలో సాయంత్రం పూట దిగినది, రెండోది నిద్ర లేచిన వెంటనే తీసుకున్న సెల్ఫీ. "డాక్టరుగారూ, నాది కార్టిసాల్ ఫేస్ అనిపిస్తోంది, రక్తపరీక్ష రాయండి" అన్నది వారి కోరిక. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగి ముఖం ఉబ్బుతుందన్న వీడియోల మాటే ఈ 'కార్టిసాల్ ఫేస్'. అదే వారంలో, అదే కుర్చీలో, యాభై దాటిన ఒక గృహిణి వచ్చి కూర్చుంటారు. ఆమె ముఖం నిజంగానే గుండ్రంగా, నున్నగా, ఎర్రబారి ఉంటుంది, కాని ఆమె వచ్చింది షుగరు అదుపులో లేదని. ముఖం సంగతి అడిగితే, "ఈమధ్య కొంచెం ఒళ్లు చేశానండి, అందరూ బాగున్నావంటున్నారు" అని సంతోషంగా చెబుతారు. హార్మోన్ల వైద్యం చేసే నాకు ఆ సెల్ఫీల కంటే ఈమె సంతోషమే ఎక్కువ దిగులు కలిగిస్తుంది.

అపోహ: మానసిక ఒత్తిడి వల్ల కార్టిసాల్ పెరిగి ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది.

కార్టిసాల్ మన శత్రువు కాదు. మూత్రపిండాల పైన టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథులు, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ మేరకు, దీనిని రోజంతా ఒక లయలో తయారు చేస్తాయి. తెల్లవారుజామున పెరగడం మొదలై, నిద్ర లేచే వేళకు గరిష్ఠ స్థాయికి చేరి, అర్ధరాత్రికి అడుగంటడం దాని సహజ గతి. పరీక్ష హాలులోకి వెళ్లేముందు, ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు, ఆ మాటకొస్తే గట్టిగా వ్యాయామం చేసినప్పుడు కూడా అది పెరుగుతుంది, కారణం తొలగగానే తగ్గిపోతుంది. ఇలాంటి హెచ్చుతగ్గుల వల్ల ఎవరికీ ముఖం గుండ్రబడదు.

కార్టిసాల్ వల్ల ముఖం గుండ్రబడటమనేది వేరే వ్యవహారం. హార్వీ కుషింగ్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు పిట్యూటరీ గ్రంథిలోని చిన్న కణితుల వల్ల వచ్చే ఈ జబ్బును 1932లో వివరంగా వర్ణించాడు కనుక, కార్టిసాల్ అతిగా ఉండే స్థితికి అతని పేరే స్థిరపడింది. శరీరం తనంతట తానే కార్టిసాల్‌ను నెలల తరబడి అతిగా తయారు చేసే ఈ జబ్బు పది లక్షల మందిలో ఏడాదికి కేవలం కొద్దిమందికి మాత్రమే కొత్తగా వస్తుంది. ఇందులో ముఖాన్ని గుండ్రంగా చేసేది ప్రధానంగా బుగ్గలలోనూ కణతల దగ్గరా చేరిన కొవ్వు, నీరు కాదు. అందుకే ఆ ముఖం ఉదయం ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. ముఖం ఒక్కటే చూసి మేము ఈ జబ్బును అనుమానించం. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, పొట్ట మీద వేలెడు వెడల్పున ఊదారంగు చారలు పడటం, నేల మీద కూర్చున్నవారు చేయి ఆనించకుండా లేవలేకపోవడం వంటివి తోడైతేనే మా అనుమానం బలపడుతుంది. ఉదయం ఉబ్బి, ఆఫీసుకు చేరేసరికి మామూలైపోయే ముఖానికి కుషింగ్ జబ్బుతో సంబంధం లేదు.

అయితే ఒత్తిడికి ఈ వ్యవహారంలో పాత్రే లేదని నేను అనడం లేదు, అది దొడ్డిదారిన వస్తుంది. గడువు దగ్గరపడిన ప్రాజెక్టు ఉన్నవాడు రాత్రి పదకొండింటికి ప్యాకెట్ నూడిల్స్ వండుకుంటాడు, రెండింటికి పడుకుంటాడు, తలనొప్పికి డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకుంటాడు, శుక్రవారం రాత్రి మందు పార్టీకి వెళతాడు. నూడిల్స్‌లో ఉప్పు ఉంది, నొప్పి బిళ్ల ఆ ఉప్పును కిడ్నీలు బయటకు పంపకుండా అడ్డుకుంటుంది, మద్యం ముఖంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నిద్రలేమి కంటి కింద ఛాయలను స్పష్టం చేస్తుంది. ఇన్ని చేతులు కలిసి చేసిన పనిని కార్టిసాల్ ఒక్కదాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

అపోహ: బలానికి వేసిన ఇంజెక్షన్లు, నొప్పుల బిళ్లలు వాడాక ముఖం నిండుగా వచ్చిందంటే ఆరోగ్యం కుదుటపడినట్లు.

మొదట చెప్పిన గృహిణి దగ్గరకు వద్దాం. ఇలాంటివారు వచ్చినప్పుడు నేను రెండు వస్తువులు అడుగుతాను. మొదటిది ఆధార్ కార్డు, అందులోని ఫొటో బాగుండదని అందరూ నవ్వుకుంటారు కాని కొన్నేళ్ల కిందటి దవడ ఎముక గీత అందులో స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది మందుల కవరు. ఒకసారి అలాంటి కవరును బల్ల మీద బోర్లిస్తే షుగరు బిళ్లలు, గ్యాస్ బిళ్లలతో పాటు పేరు రాయని చిన్న కాగితపు పొట్లం ఒకటి జారిపడింది. అందులో కత్తిరించిన రేకు ముక్కలో ఎనిమిది చిన్న తెల్ల బిళ్లలున్నాయి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చారని, వేసుకున్న రోజు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లినట్లు ఉంటుందని, మానేస్తే మంచం దిగలేనని ఆమె చెప్పారు. రేకు మీద మిగిలిన సగం అక్షరాలను బట్టి అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అని తేలింది.

మన ప్రాంతంలో నిజమైన కార్టిసాల్ ముఖానికి అత్యంత సాధారణ కారణం ఇదే, బయటి నుంచి వచ్చిన స్టెరాయిడ్, అంటే ఒంట్లో కార్టిసాల్‌లా పనిచేసే మందు. ఆరోగ్యవంతుడి శరీరంలో ఒక రోజు తయారయ్యే కార్టిసాల్ ప్రభావం సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌కు సరిపోతుంది. డెక్సామెథసోన్ అయితే 0.75 మిల్లీగ్రాము చాలు, అంటే చూడటానికి ఆవగింజంత బిళ్లే అయినా అది అడ్రినల్ గ్రంథులు రోజంతా చేసే పనికి సమానం. ఆస్తమా మందుగా ఇచ్చే పేరులేని చూర్ణాలలో స్టెరాయిడ్ కలిపిన సంగతి పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. రంగు తేలడానికని ముఖానికి నెలల తరబడి రాసుకునే బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ క్రీములు ముందుగా ముఖ చర్మాన్ని పలచబరచి ఎర్రబారుస్తాయి, ఒంటి నిండా ఎక్కువ మోతాదులో వాడితే రక్తంలోకీ చేరతాయి.

ఇందులో ఒక వింత ఉంది. ఆమె రక్తంలో కార్టిసాల్ కొలిస్తే అది ఎక్కువ కాదు, దాదాపు లేదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం పిట్యూటరీ గ్రంథి అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ పంపడం మానేస్తుంది, అవి పనిలేక కుదించుకుపోతాయి, డెక్సామెథసోన్ ఏమో కార్టిసాల్ పరీక్షలో కనిపించదు. ఈ స్థితిలో భయపడి బిళ్లలను ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, రక్తపోటు పడిపోవడం మొదలై ప్రాణం మీదకు రావచ్చు. నెలల తరబడి వాడినవారు వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవలసిందే, ఎంత కాలం పడుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. స్టెరాయిడ్ స్వతహాగా చెడ్డ మందు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. లూపస్‌కు (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు), తీవ్రమైన ఆస్తమాకు, కిడ్నీలోని కొన్ని జబ్బులకు అది ప్రాణం నిలిపే మందు, ముఖం ఉబ్బుతోందని దానిని రోగి సొంతంగా మానుకోకూడదు.

అపోహ: మేము కూరల్లో ఉప్పు తక్కువే వేస్తాం, పైగా వాడేది సైంధవ లవణం.

ఆసుపత్రిలో ఎక్కించే అర లీటరు సెలైన్ సీసాలో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. శరీరంలో కణాల వెలుపలి ద్రవం ఉప్పదనం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి మోతాదుకు మించి తిన్న 4.5 గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిచిపోతే, దాహం పెంచి, మూత్రం తగ్గించి, సుమారు అర లీటరు నీటిని తన వెంట నిలుపుకుంటుంది. ఆరోగ్యవంతమైన కిడ్నీలు ఈ అదనపు ఉప్పును బయటకు పంపుతాయి కాని, అందుకు ఒకటి రెండు రోజులు తీసుకుంటాయి. ఈలోగా మనం పడుకుంటే కాళ్లలోకి దిగవలసిన నీరు ఒళ్లంతా సర్దుకుంటుంది. కనురెప్పల చర్మం ఒంటి మీద అన్నిటికంటే పలచనిది, దాని కింది పొర వదులైనది కనుక ఆ నీరు ముందుగా బయటపడేది అక్కడే. లేచి రెండు మూడు గంటలు తిరిగితే భూమ్యాకర్షణే దానిని కిందికి లాగేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూను లోపే. మన ఇళ్లలో ఆ టీస్పూను కూరలో కాదు, కూర పక్కన కరిగిపోతుంది. ముద్దపప్పులో కలుపుకున్న ఆవకాయ, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, సాంబారులోకి అప్పడం, వానాకాలంలో ఎండుచేపల పులుసు, రాత్రి బయటి నుంచి తెప్పించిన బిర్యానీ, వీటిలో ఏ ఒక్కటీ "ఉప్పు" అన్న పేరుతో లెక్కలోకి రాదు. ఆవకాయ మానేయమని తెలుగువారికి చెప్పేంత సాహసం నాకు లేదు, పగటి పూట ఒక్క ముక్కతో సరిపెట్టుకొని రాత్రి భోజనంలో మాత్రం పచ్చడి, అప్పడం వద్దంటాను. సైంధవ లవణం సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: అది కూడా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు చాలామందికి మేలే కాని, కిడ్నీ జబ్బు ఉన్నవారు, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దానిని ముట్టకూడదు.

అతిమధురం గురించి కూడా ఇక్కడ చెప్పాలి. కార్టిసాల్‌కు ఉప్పును నిలబెట్టే శక్తి స్వతహాగా ఉంది, అయితే కిడ్నీలోని ఒక ఎంజైము దానిని అక్కడికక్కడే నిర్వీర్యం చేస్తుంది. గొంతు బాగుండాలని రోజూ చప్పరించే అతిమధురం వేరులోని పదార్థం ఆ ఎంజైమును ఆపుతుంది. అప్పుడు మామూలు మోతాదు కార్టిసాలే ఉప్పునూ నీటినీ నిలబెట్టి, బీపీని పెంచి, రక్తంలో పొటాషియంను పడగొడుతుంది. జలుబు చేసిన రెండు రోజులు వాడితే భయం లేదు, వారాల తరబడి వాడితే ఉంది.

అపోహ: నీళ్లు ఎక్కువ తాగితే ముఖానికి నీరు పడుతుంది.

ఆరోగ్యవంతుల విషయంలో ఇది నిజం కాదు, ఎక్కువైన నీటిని కిడ్నీలు కొద్ది గంటల్లోనే పంపేస్తాయి, నిలబెట్టేది ఉప్పే. గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారికి నీటి కొలత వేరు, అది వారి వైద్యుడు చెప్పాలి.

అపోహ: అన్నం మానేస్తే వారంలో ముఖం సన్నబడుతుంది.

సన్నబడటం నిజమే, కారణమే వేరు. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న పిండిపదార్థం ప్రతి గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని తనతో ఉంచుకుంటుంది. అన్నం మానగానే ముందు ఆ నిల్వ, దానితో ఆ నీరు పోతాయి. ఇన్సులిన్ తగ్గడం వల్ల కిడ్నీలు కొంత ఉప్పును కూడా వదిలేస్తాయి. మొదటి వారంలో తూకం చూపే రెండు కిలోలలో ఎక్కువ భాగం ఇదే, పండగనాడు పులిహోర తినగానే తిరిగి వస్తుంది.

అపోహ: కార్టిసాల్‌ను కడిగేసే పానీయాలు, ముఖానికి రోలర్లు, నీరు తీసే బిళ్లలు శాశ్వత పరిష్కారం.

నారింజ రసంలో కొబ్బరినీళ్లు, చిటికెడు ఉప్పు కలిపి తాగితే కార్టిసాల్ దిగుతుందని వీడియోలు చెబుతున్నాయి. ఉప్పుతో వచ్చిన ఉబ్బుకు ఉప్పు కలిపిన పానీయం మందెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. చల్లని నీళ్లు, ఐసు, రోలర్ వంటివి గంటో రెండు గంటలో పనిచేస్తాయి, ఫొటో దిగవలసి ఉంటే వాడుకోవచ్చు. బార్లీ నీళ్లు తాగినా నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ బిళ్లలను మందుల దుకాణంలో సొంతంగా కొనుక్కోవడం మాత్రం ప్రమాదం. అవి పొటాషియంను పోగొడతాయి, పైగా ఆపిన వెంటనే శరీరం మునుపటి కంటే గట్టిగా ఉప్పును పట్టుకొని ముఖాన్ని మరింత ఉబ్బిస్తుంది, దాంతో మరో బిళ్ల అవసరమనిపిస్తుంది.

అపోహ: ఉదయం ముఖం వాచిందంటే కిడ్నీలు పోయినట్లే, వాపు లేకపోతే కిడ్నీలు భద్రం.

రెండూ పొరపాటే. మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బులో, ముఖ్యంగా పిల్లల్లో, కళ్ల చుట్టూ ఉదయపు వాపు తొలి గుర్తు కావచ్చు. మూత్రంలో నురగ నిలిచి ఉంటే ఆ రోజే మూత్ర పరీక్ష చేయించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు ఇందుకు తిరగబడిన ఉదాహరణ. దానిలో చాలామందికి ప్రొటీన్ పెద్దగా పోదు, వాపు ఉండదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేసేదాకా ఏమీ తెలియదు. ఇక ముఖం మొద్దుబారినట్లు ఉబ్బి, బొటనవేలితో నొక్కితే గుంట పడకుండా, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం ఉంటే థైరాయిడ్ చూడాలి. గర్భిణికి 20 వారాల తరువాత ముఖం ఉన్నట్టుండి ఉబ్బి తలనొప్పి వస్తే ఆ గంటలోనే బీపీ చూపించాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మందులు వాడేవారికి పెదవులు, నాలుక వాస్తే మర్నాటి దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపోహ: ఒక్కసారి కార్టిసాల్ పరీక్ష చేయిస్తే అన్నీ తేలిపోతాయి.

ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ ఆరోగ్యవంతులకు కూడా ఎక్కువగానే ఉంటుంది, సూది చూసి భయపడినా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా అది మరింత ఎక్కువగా కనిపిస్తుంది. కుషింగ్ అనుమానం ఉంటే మేము రాసేవి వేరు: అర్ధరాత్రి లాలాజలంలో కార్టిసాల్, 24 గంటల మూత్రంలో కార్టిసాల్, లేదా రాత్రి పదకొండింటికి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగించి మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తీసే రక్తం. ఆరోగ్యవంతుల్లో ఆ బిళ్లకు పిట్యూటరీ గ్రంథి నోరు మూసుకొని కార్టిసాల్ డెసిలీటరు రక్తానికి 1.8 మైక్రోగ్రాముల కిందికి పడిపోతుంది. బయటి స్టెరాయిడ్ వాడుతున్న సంగతి దాచిపెట్టి చేయించుకుంటే ఈ మూడింటిలో దేనికీ అర్థం ఉండదు. అందుకే ఉబ్బిన ముఖం చూపించుకోవడానికి వచ్చేవారు సెల్ఫీలతో పాటు రెండు మూడేళ్ల కిందటి ఫొటో ఒకటి, ఇంట్లో వాడే ప్రతి మందు, క్రీము, చూర్ణం, పేరులేని పొట్లంతో సహా, ఒకే కవరులో వేసి తెచ్చుకోవాలి.