పంపు సెట్టింగ్స్ పక్కపక్కన పెట్టేముందు

ప్రియమైన పిల్లలూ,

మీలో కొందరు స్క్రీన్లు డిజైన్ చేయడం నేర్చుకుంటున్నారని విని చాలా సంతోషించాను. నేను డయాబెటిస్ సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్ళు ఒకే ఒక్క పేజీ మీద పనిచేశాను. ఇన్సులిన్ పంపులో పాత సెట్టింగ్స్‌నీ కొత్త సెట్టింగ్స్‌నీ పోల్చి చూపించే పేజీ అది. చూస్తే రెండు పట్టికలు, అంతే. ఆ రెండు పట్టికల వెనక ఎంత ఆలోచన కావాలో మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు పంపు సంగతి. టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాదు, బయటి నుంచి ఇవ్వాల్సిందే. పంపు దాన్ని రాత్రీ పగలూ కొద్దికొద్దిగా చర్మం కిందికి పంపుతూ ఉంటుంది. దీన్ని బేసల్ అంటారు. తిన్నప్పుడు ఒకేసారి ఇచ్చే డోసు బోలస్. బేసల్ రేటు గంటకు ఇన్ని యూనిట్లని ఉంటుంది, కానీ రోజంతా ఒకటే ఉండదు. చాలామందికి తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి, ఏమీ తినకపోయినా షుగర్ పైకి పోతుంది. అందుకని ఆ వేళకు రేటు పెంచుతారు. అది కూడా కాస్త ముందుగానే, ఎందుకంటే చర్మం కిందికి చేరిన ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి టైం పడుతుంది. ఇలా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా రోజును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో రేటు పెడతారు. మీ స్కూలు టైంటేబుల్ లాంటిదే అనుకోండి.

డాక్టరు ఈ టైంటేబుల్‌లో ఏదో మారుస్తారు. నెల తిరిగాక ఇంట్లోవాళ్ళకి ఒకటే ప్రశ్న: అసలు ఏం మారింది?

ఒక పాత టైంటేబుల్ ఇలా ఉందనుకోండి. అర్ధరాత్రి 12 నుంచి 0.80, తెల్లవారుజామున 3 నుంచి 1.00, ఉదయం 7 నుంచి 0.70, సాయంత్రం 6 నుంచి 0.90. కొత్తదాంట్లో డాక్టరు చేసింది ఒక్కటే: 5 నుంచి 7 వరకు రేటును 1.20కి పెంచారు. మిగతాదంతా మునుపటిలాగే ఉంది.

నేను మొదటిసారి చేసిన పేజీ వరసకు ఎదురుగా వరస పెట్టి పోల్చింది. పాతదాంట్లో మూడో వరస ఉదయం 7, 0.70. కొత్తదాంట్లో మూడో వరస 5 గంటలు, 1.20. రెండూ వేరు కాబట్టి రంగు పడింది. నాలుగో వరసకూ రంగే. కొత్త పట్టికలో అయిదో వరసకు ఎదురుగా పాతదాంట్లో ఏమీ లేదు, దానికీ రంగే. ఒక అమ్మ ఆ పేజీ చూసి, మూడో వరస మీద పెట్టిన వేలు అక్కడే ఉంచి, "ఏంటండీ, సగం పైగా మార్చేశారా? మాకు ఒక్కటే అన్నారే!" అంది. ఆ టెన్షన్ ఆమెకు తెచ్చిపెట్టింది డాక్టరు కాదు, నేను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

తప్పు ఎక్కడుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. పోల్చాల్సింది వరసల్ని కాదు, గంటల్ని. రెండు టైంటేబుళ్ళలోనూ రేటు మారే గంటలన్నిటినీ కలిపి ఒకే వరసక్రమంలో పేర్చి, ప్రతి ముక్కకు పాత రేటు, కొత్త రేటు పక్కపక్కన రాయాలి. అప్పుడు 5 నుంచి 7 దగ్గర మాత్రమే రంగు పడుతుంది. ఆ అమ్మ వేలు సరిగ్గా అక్కడే ఆగుతుంది.

రోజు మొత్తం బేసల్ ఎంతో కూడా కింద రాస్తాం. పై లెక్కలో పాతది 19.5 యూనిట్లు, కొత్తది 19.9. ఈ అంకె పనికొస్తుంది, కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. పగటి నుంచి కొంత తీసి రాత్రికి కలిపితే మొత్తం ఏమీ మారదు, నిద్రలో ఉన్న మనిషికి మాత్రం షుగర్ పడిపోవచ్చు. అందుకే మొత్తం ఎప్పుడూ పట్టిక కిందే ఉండాలి, పైన పెద్ద అక్షరాల్లో ఉండకూడదని నేను పట్టుబట్టేదాన్ని.

తేడా రాయడంలో కూడా చిక్కుంది. 1.20 నుంచి 1.30కి పెంచితే తేడా 0.10. పసివాళ్ళ పంపులో 0.10 నుంచి 0.20కి పెంచినా తేడా 0.10 యే, కానీ అక్కడ రేటు రెట్టింపయింది. కాబట్టి తేడాతో పాటు అది ఎన్నో వంతో కూడా చూపించాలి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకి వస్తాను. పంపులో బేసల్ ఒక్కటే ఉండదు. ఒక యూనిట్ ఎన్ని గ్రాముల కార్బోహైడ్రేట్‌కు సరిపోతుందో ఒక అంకె, ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందో ఇంకో అంకె ఉంటాయి. రెండో దాన్ని కరెక్షన్ ఫ్యాక్టర్ అంటారు. అది 50 అనుకోండి. షుగర్ టార్గెట్ కన్నా 100 ఎక్కువుంటే పంపు 2 యూనిట్లు ఇమ్మంటుంది. దాన్ని 40కి తగ్గిస్తే అదే 100కి 2.5 యూనిట్లు ఇమ్మంటుంది. అంకె తగ్గింది, ఇన్సులిన్ పెరిగింది! కార్బోహైడ్రేట్ అంకె కూడా అంతే. యూనిట్‌కు 10 గ్రాములైతే 60 గ్రాముల భోజనానికి 6 యూనిట్లు, 12 గ్రాములైతే 5 యూనిట్లు. బేసల్‌లో మాత్రం అంకె పెరిగితే ఇన్సులిన్ కూడా పెరుగుతుంది. ఒకే పేజీలో మూడు పట్టికలు, వాటిలో రెండు తిరగబడి నడుస్తాయి.

అలాంటి చోట అంకె పెరిగిందని పైకి బాణం గీస్తే ఏమవుతుంది? చూసినవాళ్ళు ఇన్సులిన్ పెరిగిందనుకుంటారు. అందుకే బాణాలు తీసేసి మాటల్లో రాశాం: "ఇన్సులిన్ ఎక్కువవుతుంది", "ఇన్సులిన్ తక్కువవుతుంది". చోటు ఎక్కువ పడుతుందని కొందరు డిజైనర్లు ఒప్పుకోలేదు. పట్టనివ్వండి అన్నాను. షుగర్ బాగా పడిపోయినప్పుడు చేతులు వణుకుతాయి, ఆలోచన మందగిస్తుంది. అర్ధరాత్రి ఆ స్థితిలో ఉన్న మనిషి చేత భాగహారం చేయించే హక్కు మనకు లేదు.

అంకెలు రాసే పద్ధతి మీద కూడా శ్రద్ధ పెట్టండి. .5 అని రాస్తే చుక్క కనపడక 5 అని చదివే ప్రమాదం ఉంది, 0.5 అనే రాయాలి. యూనిట్లకు బదులు ఇంగ్లిష్ యు అక్షరం పెడితే దాన్ని సున్నా అనుకుని 4ను 40గా చదివిన సందర్భాలున్నాయి. మాట మొత్తం రాయండి. చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేలా అంకెల్ని పేర్చండి. షుగర్‌ను కొన్ని దేశాల్లో డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని దేశాల్లో లీటరుకు ఇన్ని మిల్లీమోల్స్ అని కొలుస్తారు, మధ్యలో సుమారు 18 రెట్ల తేడా ఉంటుంది. 50 మిల్లీగ్రాములంటే దాదాపు 2.8 మిల్లీమోల్స్. ఏ కొలతో ప్రతి పట్టిక తల మీదా ఉండాలి.

గ్రాఫ్ గీస్తే మెట్లలాగే గీయండి. రేటు 3 గంటలకు ఒక్కసారిగా మారుతుంది, వాలుగా ఎక్కదు. పాతదానికీ కొత్తదానికీ ఒకే స్కేలు వాడండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళు చాలా ఉంటాయి, పైగా ఏళ్ళ తరబడి డయాబెటిస్ ఉన్నవాళ్ళలో కొందరికి రెటీనా దెబ్బతిని చూపు తగ్గుతుంది. రంగుతో పాటు ఒక గుర్తు, పెద్ద అక్షరాలు తప్పనిసరి.

ఏది ఎప్పటిదో తేదీతో చెప్పడం మరిచిపోకండి. పేజీలో కనిపించేది పంపును చివరిసారి అప్‌లోడ్ చేసిన రోజు నాటి సెట్టింగ్స్. ఆ తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు. పంపులో రెండు మూడు ప్రొఫైళ్ళు, అంటే వేర్వేరు టైంటేబుళ్ళు దాచిపెట్టి ఉంటే అప్పుడు నడుస్తున్నది ఏదో కూడా రాయాలి. పంపు గడియారం టైమూ చూపించండి. అందులో పగలూ రాత్రీ తారుమారైతే టైంటేబుల్ ఎంత బాగున్నా పన్నెండు గంటలు అటూ ఇటూ అయిపోతుంది.

చివరగా ఒక్క విషయం. చాలాసార్లు ఈ సెట్టింగ్స్ సాఫ్ట్‌వేర్ నుంచి పంపులోకి వాటంతట అవి వెళ్ళవు, మనిషి చూసి ఒక్కొక్కటీ నొక్కాలి. అందుకని పంపు ఏ వరసలో అడుగుతుందో అదే వరసలో కాగితం ప్రింటయ్యేలా చేసి, ప్రతి వరస చివర టిక్కు పెట్టుకోవడానికి చిన్న గడి ఇచ్చాం. ఆ అమ్మే మళ్ళీ వచ్చినప్పుడు ఆ కాగితం పట్టుకుని కొడుకు పక్కన కూర్చుంది. "అయిదు గంటలకి, ఒకటి పాయింట్ రెండు సున్నా" అని ఆమె చదివింది. వాడు పంపులో నొక్కి, తెర మీద పడ్డ అంకెను తిరిగి ఆమెకు చదివి వినిపించాడు. ఆమె గడిలో టిక్కు పెట్టి కింది వరసకు వెళ్ళింది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ