పొగ నల్లగా లేనంత మాత్రాన...

టెక్కలి క్వారీల నుంచి గ్రానైట్ బండలు మోసుకొచ్చే లారీ అయినా, నరసన్నపేటలో జనాన్ని ఎక్కించుకునే డీజిల్ ఆటో అయినా పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వెళ్తే జరిగేది ఒకే రకం పరీక్ష. సైలెన్సర్ గొట్టంలో ప్రోబ్ పెడతారు. న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదులుతారు, మళ్లీ తొక్కుతారు. మీటర్ లోపల ఒక చివర దీపం, మరో చివర వెలుతురును పట్టే కన్ను. మధ్యలో పొగ ఎంత వెలుతురును ఆపితే రీడింగు అంత పెరుగుతుంది. పాత బండ్లకు హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలమానం), బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య ప్రమాణం) బండ్లకు 50.

మసి మీద భయంతో పుట్టిన పరీక్ష ఇది. ఆ భయం సరైనదే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. కానీ ఇంజిన్‌లో వేడి బాగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. గొట్టంలోంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నైట్రిక్ ఆక్సైడ్, దానికి రంగే లేదు. అందుకే పొగ మీటర్‌కు దొరకదు. పైగా మసి తగ్గించడానికి ఇంజిన్‌ను సర్దితే ఇవి పెరగడం మామూలే.

వీటిని బండిలోనే కొలవాలన్న ప్రయత్నానికి పునాది పెట్రోల్ కార్లలో పడింది. 1976లో వోల్వో కార్లలో బాష్ ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. వేడెక్కిన జిర్కోనియా పింగాణీ ఆక్సిజన్ అయాన్లను తనగుండా పోనిస్తుంది, కిటుకంతా అదే. డీజిల్‌కు వచ్చేసరికి చిక్కు పడింది. దాని పొగలో ఆక్సిజన్ ఎలాగూ దండిగా మిగిలే ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పది లక్షల్లో కొన్ని వందల పాళ్లే. 1990ల్లో జపాన్‌లో ఎన్‌జీకే ఇంజినీర్లు రెండు గదుల సెన్సర్‌తో దారి చూపారు. మొదటి గదిలో ఉన్న ఆక్సిజన్‌ను బయటికి తోడేస్తారు. రెండో గదిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడగొట్టి, అప్పుడు విడిపోయిన ఆక్సిజన్ ఇచ్చే అతి చిన్న కరెంటును కొలుస్తారు. ఇదంతా మండే గొట్టంలో, గతుకుల రోడ్డు మీద, మసి మధ్య జరగాలి. ఒక్క నీటి బొట్టు తగిలినా వేడి పింగాణీ పగలొచ్చు. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగలోకి చల్లే యూరియా ద్రావణం నుంచి వచ్చే అమ్మోనియాను కూడా అది నైట్రోజన్ ఆక్సైడే అనుకుంటుంది.

మసికి వేరే సెన్సర్ ఉంది. రెండు దువ్వెనల పళ్లలా ఎదురెదురుగా ఉన్న ఎలక్ట్రోడ్ల మధ్య మసి పేరుకుంటే కరెంటు పారుతుంది. తర్వాత దాన్ని వేడి చేసి కాల్చేస్తారు.

ల్యాబ్ పరీక్ష ఒక్కటే చాలదని 2015లో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడ్డాక ప్రపంచానికి అర్థమైంది. టెస్టులో ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్‌తో ఆ కార్లు అమ్మారు. మన దేశంలో బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలైంది. డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 50 పాళ్ల నుంచి 10కి తగ్గింది. లారీలకు యాడ్‌బ్లూ (ఆ యూరియా ద్రావణమే) డబ్బాలతో పాటు ఈ సెన్సర్లూ వచ్చాయి.

సెన్సర్ తేడా పట్టి డ్యాష్‌బోర్డులో లైటు వెలిగి, ఇంజిన్ పవర్ తగ్గిపోతే లోడు మీదున్న డ్రైవర్‌కు ఎంత టెన్షనో తెలిసిందే. అలాగని సెన్సర్ బదులు తప్పుడు రీడింగు ఇచ్చి బండి కంప్యూటర్‌ను మోసం చేసే పెట్టె తగిలిస్తే ఆ గాలి పీల్చేది మడపాం టోల్‌గేట్ దగ్గర రోజంతా నిలబడే మనిషే. ఫిట్‌నెస్‌కు వచ్చిన రోజున బండి కంప్యూటర్‌లోని సెన్సర్ రీడింగునూ తప్పకుండా చూడాలి. సెన్సర్లే లేని పాత లారీలను పొగ మీటర్‌తో సరిపెట్టకుండా, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే పరికరంతోనూ పరీక్షించాలి.