అపోహలు - వాస్తవాలు: పీతల గురించి రాస్తే ఎందుకు తీసేస్తారు?

ఈ నెలలో ఇది మూడోసారి. పీతలన్నా రొయ్యలన్నా ప్రాణం పెట్టే మనిషి ఒకరు వస్తారు, వికీపీడియాలో క్రస్టేషియన్ల (పీతలు, రొయ్యల కోవలోని పెంకు జీవుల) వ్యాసం ఒకటి తెరిచి అందులో లేని నాలుగు మంచి సంగతులు రాస్తారు, మర్నాటికల్లా ఎవరో దాన్ని రద్దు చేస్తారు, ఆ మనిషి చర్చా పేజీలో (వ్యాసం గురించి మాట్లాడుకునే పక్క పేజీలో) "మీకో దండం, మీ ఎన్‌సైక్లోపీడియాకో దండం" అని రాసేసి వెళ్లిపోతారు. పదేళ్లకు పైగా వికీపీడియాలో నేను చూసేది ఈ జీవుల వ్యాసాలే, మార్పులు గమనించడానికి పెట్టుకున్న నా వీక్షణ జాబితా నిండా ఇవే. పనిచేసే చేతులు ముందే తక్కువ. ఉన్న ఆ కొద్దిమందిలో కూడా ఈ ఒక్క తగువు వల్ల పోయినంత మంది ఇంకే కారణం వల్లా పోలేదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: "నేను కళ్లారా చూశాను, ఇంకా మూలం ఎందుకు?"

మీరు చూసింది అబద్ధమని ఎవరూ అనడం లేదు. ఏళ్ల తరబడి అక్వేరియం తొట్టి ముందు కూర్చున్నవాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ వ్యాసం చదివే మనిషికి మీరెవరో తెలీదు, మీ తొట్టి కనబడదు. అక్కడ రాసి ఉన్న మాట నిజమో కాదో తనంతట తాను వెళ్లి చూసుకునే దారి అతనికి ఉండాలి. ఆ దారే మూలం, అంటే అచ్చయిన పుస్తకమో పరిశోధన పత్రమో. దీన్నే నిర్ధారకత్వం అంటాం. ఇంకెక్కడా ప్రచురించని సంగతిని మొదటిసారి ఇక్కడే పెడితే అది మౌలిక పరిశోధన, అది నిషిద్ధం. ఇది కొత్తవాళ్ల మీద పెట్టిన ఆంక్ష అనుకుంటారు చాలామంది. కాదండీ, జీవితమంతా ఈ జీవుల మీదే పనిచేసిన ప్రొఫెసర్ వచ్చి ఇంకా ప్రచురించని తన ఫలితం రాసినా అలాగే తీసేస్తాం.

ఒక ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 1990లలో జర్మనీలో అక్వేరియంలు పెట్టుకునేవాళ్ల తొట్లలో ఒంటినిండా పాలరాతి మచ్చలున్న క్రేఫిష్ (లాబ్‌స్టర్‌ను పోలిన చిన్న మంచినీటి జీవి) ఒకటి కనబడింది. ఒక్కదాన్నే విడిగా పెట్టినా పిల్లలు పెట్టేసేది. ఆ పిల్లలన్నీ ఆడవే, మగది అన్నదే లేదు. ఈ వింత ముందు కంటబడింది పెంచుకునేవాళ్లకే. పరిశోధకులు దాన్ని పరీక్షించి, ఇది అనిషేక జననమేనని, అంటే మగదాని ప్రమేయం లేకుండానే పిల్లలు పుట్టడమేనని, 2003లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. పదికాళ్ల క్రస్టేషియన్లలో అలాంటిది బయటపడటం అదే మొదలు. 2017లో దానికి ప్రొకాంబరస్ వర్జినాలిస్ అని సొంత పేరు కూడా వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి. 2002లో ఒక అభిమాని "మా తొట్టిలో మగది లేకుండానే పిల్లలు పుట్టాయి" అని వ్యాసంలో రాసి ఉంటే, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమైనా నిలిచేది కాదు. 2003 తర్వాత అదే వాక్యం, అదే మనిషి, పక్కన ఆ పత్రం పెడితే చాలు, ఎవరూ ముట్టుకోరు. రాసిన మనిషి నిజాయితీ రెండుసార్లూ ఒకటే. చదివేవాళ్లు సరిచూసుకునే వీలే తేడా.

ఇంత బాగా చెబుతున్నాను గానీ, ఈ విషయంలో నేనే ఒకసారి చాలా తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట ఒకాయన ఒక మరుగుజ్జు క్రేఫిష్ జాతి వ్యాసంలో అయిదు వాక్యాలు చేర్చారు. తల్లి గుడ్లను తోక కింద ఎలా మోస్తుందో, నీళ్లు ఆడేలా కాళ్లు ఎలా ఊపుతూ ఉంటుందో, పాడైన గుడ్డును ఎలా ఏరి పారేస్తుందో, అన్నీ చక్కగా రాశారు. మూలం ఒక్కటి కూడా లేదు. ఆ రోజు నా చేతిలో చూడాల్సిన మార్పులు చాలా ఉన్నాయి, "మూలం లేదు" అని రెండు మాటలు రాసి రద్దు చేసేశాను. ఆయన నాలుగు లైన్లు రాసి వెళ్లిపోయారు. ఆరేళ్లుగా వాటిని పెంచుతున్నానని, రెండు వందల ఫోటోలు ఉన్నాయని, అవన్నీ ఇద్దామనే వచ్చానని రాశారు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం కూర్చుని వెతికితే ఆ అయిదింటిలో మూడు వాక్యాలకు మూలాలు దొరికాయి. ఒక్క సాయంత్రం పని! మార్పుల చరిత్రలోంచి ఆయన రాసింది వెనక్కి తెచ్చి, మూలాలు చేర్చి, ఆయన చర్చా పేజీలో క్షమాపణ రాశాను. జవాబు రాలేదు. ఆ ఫోటోలూ రాలేదు. అప్పటినుంచి కొత్తవాళ్ల మార్పు రద్దు చేసే ముందు పది నిమిషాలైనా మూలం కోసం వెతుకుతాను.

మరి మీ అనుభవం దేనికీ పనికిరాదా అంటే, భేషుగ్గా పనికొస్తుంది. ఫోటో రూపంలో. మీరు తీసిన ఫోటోకు అచ్చయిన మూలం అక్కర్లేదు, అది మీది, మీరే కామన్స్‌లో (వికీపీడియా ఫోటోలు ఉండే సోదర సైటులో) ఎక్కించవచ్చు. ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో, జీవి పొడవెంతో వివరంగా రాయండి. జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైటులో ఇప్పటికే పెట్టి ఉంటే అక్కడి లైసెన్సు ఒకసారి చూసుకోండి. మీరేమీ మార్చకపోతే అది వాణిజ్యేతర వాడకానికి మాత్రమే అని ఉంటుంది, అలాంటివి కామన్స్‌లో చెల్లవు. సెట్టింగ్స్‌లో సీసీ బై (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) అని మార్చుకుంటే సరిపోతుంది.

ఫోటో ఎంత పని చేస్తుందో చెబుతాను. ఒకావిడ చాలా టెన్షన్‌తో సందేశం పెట్టింది. తను పెంచే క్రేఫిష్ రాత్రికి రాత్రి చచ్చిపోయిందట, నీళ్లు మార్చడం వల్లే చచ్చిందట, ఇంకెవరికీ ఇలా జరగకూడదని వ్యాసంలో హెచ్చరిక రాస్తానంది. ఫోటో పంపమన్నాను. పెద్దది చేసి చూస్తే కళ్లున్నచోట నలుపు లేదు, గాజులా పారదర్శకంగా ఉంది. వీపు డిప్పకూ తోకకూ మధ్య అతుకు విడిపోయి ఉంది. మీసాలు చివరిదాకా ఉన్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు. అది కుబుసం! క్రేఫిష్ కుబుసం విడిచినప్పుడు కంటి మీద పొర, మొప్పల పొర, కడుపులో తిండి నమిలే పళ్లతో సహా వదిలేస్తుంది, అందుకే అచ్చం చచ్చిన జీవిలాగే కనబడుతుంది. రాళ్ల కింద వెతకమన్నాను. అరగంటలో జవాబొచ్చింది, మెత్తగా, పాలిపోయి, ఓ మూల నక్కి ఉందట. కుబుసాన్ని తీసి పారేయొద్దు, అందులోని కాల్షియం కోసం అది తినేస్తుంది అని కూడా చెప్పాను. ఆ ఫోటో ఆవిడ అనుమతితో కుబుసం విడవడం గురించి ఉన్న భాగంలో చేరింది, పక్కన వాక్యాలకు మూలం జంతుశాస్త్ర పుస్తకం. ఆవిడ రాద్దామనుకున్న హెచ్చరిక గనక అలాగే పడి ఉంటే, నీళ్లు మార్చడానికి ఎంతమంది భయపడేవాళ్లో.

అపోహ: "రద్దు చేశారంటే నన్ను బ్యాన్ చేసినట్టే"

కానే కాదు. రద్దు వేరు, నిరోధం (మీరు బ్యాన్ అనేది) వేరు. రద్దయిన మాటలు ఎక్కడికీ పోవు, చరిత్ర ట్యాబులో అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. భయపడకుండా చర్చా పేజీలో "ఎందుకు తీశారు?" అని అడగండి. అలా అడిగినందుకు ఎవరినీ నిరోధించరు. నిరోధం దాకా తెచ్చుకునేది మాట్లాడకుండా అదే మార్పును మళ్లీ మళ్లీ పెట్టేవాళ్లే.

అపోహ: "వెబ్‌సైట్‌లో ఉంది కదా, అదే మూలం"

ఏ వెబ్‌సైట్? అక్వేరియం సామాన్లు అమ్మే సైట్లలో సగం మా వ్యాసాలనే దించుకుని పెట్టుకుంటాయి. వాటినే తెచ్చి మళ్లీ మూలంగా ఇస్తే మా మాటకు మేమే సాక్ష్యం చెప్పుకున్నట్టు. లాబ్‌స్టర్లకు చావే లేదన్న పుకారు ఇలా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని తీసీ తీసీ విసుగొచ్చింది. వాటికి పెద్దయ్యాక కూడా టెలోమరేజ్ (కణాల్లో క్రోమోజోముల చివర్లు అరిగిపోకుండా చూసే ఎంజైమ్) పనిచేస్తుందన్న మాట నిజమే. కానీ ఒళ్లు పెరిగేకొద్దీ కుబుసం విడవడానికి కావలసిన శక్తీ పెరుగుతుంది, ఆ శ్రమకు తట్టుకోలేక చచ్చిపోయేవి ఉన్నాయి, డిప్ప జబ్బుతో పోయేవీ ఉన్నాయి. మాంటిస్ ష్రింప్ అనే సముద్రపు క్రస్టేషియన్ మనకన్నా ఎన్నో రెట్లు రంగులు చూస్తుందన్నదీ ఇలాంటిదే. రంగులను పట్టే గ్రాహకాలు దానికి 12 రకాలున్న మాట నిజం, కానీ 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనంలో దగ్గర దగ్గర రంగుల్ని వేరుచేయడంలో అది మనకన్నా వెనకబడింది. ఏఐతో రాయించిన పేరాలు కూడా ఈ మధ్య వస్తున్నాయి, వాటి కింద ఇచ్చే పత్రాలు వెతికితే అసలు ఉండనే ఉండవు. దయచేసి మూలం తెరిచి, చదివి, ఆ తర్వాతే పెట్టండి.

అపోహ: "ఫోటో ఉంది కదా, జాతి పేరు చెప్పేయండి"

చాలా క్రేఫిష్‌లను, పీతలను జాతి స్థాయిలో గుర్తుపట్టాలంటే మగదాని పొట్ట కింద మొదటి జత ఉపాంగాల (చిన్న కాళ్లలాంటి వాటి) ఆకారం చూడాలి. పైనుంచి తీసిన ఫోటోలో అది కనబడదు. ప్రజాతి (జాతికి పైన ఉండే వర్గం) వరకు రాసి ఆపేయడంలో చిన్నతనమేమీ లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హార్స్‌షూ క్రాబ్ క్రస్టేషియన్ కాదు, సాలీళ్ల వైపు బంధువు. రాళ్లకు అతుక్కుని ఉండే బార్నకిల్ మాత్రం నిక్షేపంలా క్రస్టేషియనే, దాన్ని ఒకప్పుడు నత్తల కోవలో వేశారు, 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని పిల్ల దశలు చూపించాక ఆ మాట తేలింది. కింగ్ క్రాబ్ అసలైన పీతల గుంపులోది కాదు, ఖాళీ నత్తగుల్లల్లో దూరి బతికే హెర్మిట్ క్రాబ్‌లకు దగ్గర. శాస్త్రీయ నామం తప్పని మార్చేముందు సముద్ర జీవులకైతే వోర్మ్స్ (WoRMS, సముద్ర జీవుల పేర్ల ఆన్‌లైన్ జాబితా) చూడండి. వనామీ రొయ్యనే తీసుకోండి, 1997లో లిటోపీనియస్ అయింది, ఇప్పుడు అక్కడ మళ్లీ పీనియస్ కిందే ఉంది. డిగ్రీ అవసరమా అని అడుగుతారు, అక్కర్లేదు, మమ్మల్నీ ఎవరూ అడగలేదు.

మూలాలు ఎక్కడ దొరుకుతాయన్నది చివరిగా. పాత గ్రంథాలకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ ఉంది, బార్నకిల్స్ మీద డార్విన్ 1851 నుంచి 1854 వరకు వెలువరించిన సంపుటాలు అక్కడ ఉచితంగా చదవొచ్చు. కొత్త పత్రాలకు గూగుల్ స్కాలర్. రెండుచోట్లా దొరక్కపోతే, మీరు చూసింది వ్యాసం చర్చా పేజీలో తేదీతో సహా రాసి వదిలేయండి. అక్కడ దాన్ని ఎవరూ తీసెయ్యరు. మూలం నేను వెతుకుతాను.