అపోహలు – వాస్తవాలు: అనిమే జపనీస్‌తో ఇంటర్వ్యూకు వెళ్లేవారికి

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో జపనీస్ నేర్పుతూ, అప్పుడప్పుడు దుబాసీ పని కూడా చేస్తున్న నాకు ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "మేడమ్, అనిమే చూసి సగం భాష వచ్చేసింది, ఇక గ్రామర్ చెబితే చాలు." అనిమే అంటే జపాన్ కార్టూన్ సీరియళ్లు, సినిమాలు. వాటితో వచ్చేసిన ఆ సగమే చాలామంది కొంప ముంచుతోంది.

అపోహ: జపాన్‌లో ఆడవాళ్ల భాష వేరు, మగవాళ్ల భాష వేరు, అనిమేలో వినిపించేది అదే.

వాస్తవం: అనిమేలో వినిపించేది పాత్రల భాష. "అమే" అంటే వాన. వాన పడుతోందని మర్యాదగా చెప్పడానికి ఆడైనా మగైనా "అమే దేసు" అంటే సరిపోతుంది. అదే మాటను మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథల్లో, దుడుకు కుర్రాడు "అమే ద జే" అనీ, సుకుమారంగా పెరిగిన అమ్మాయి "అమే ద వా" అనీ, తెల్లగడ్డం ప్రొఫెసర్ "అమే జా" అనీ, చైనా నుంచి వచ్చిన పాత్ర "అమే అరు యో" అనీ అంటారు. కాగితం మీది మాటల బుడగకు గొంతు ఉండదు కాబట్టి, మాట్లాడేది ఆడో మగో, ఏ వయసువారో, ఏ దేశంవారో వాక్యం చివరి ముక్కతోనే పాఠకుడికి తెలిసిపోయేలా రాయడం అక్కడ రివాజు. భాషావేత్త కిన్సుయి సతోషి దీనికి "యకువారిగో" అని పేరు పెట్టి 2003లో ఒక పుస్తకమే రాశారు. మనం పాత్రభాష అనుకోవచ్చు. మన పౌరాణిక సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్న విదేశీయుడు మోండా మార్కెట్‌కు వెళ్లి "ఓయీ వర్తకా, ఈ వంకాయల వెల యెంత?" అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గుంటూరు నుంచి వచ్చిన నా విద్యార్థి ఒకడు జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి అయిన ఎన్3 పాసై, ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూలో తన గురించి చెప్పమనగానే "ఒరె వా..." అని మొదలుపెట్టాడు. "ఒరె" అంటే "నేను". కాకపోతే మగవాళ్లు స్నేహితుల మధ్య వాడుకునే మొరటు "నేను". మన "ఒరే" ఎదుటివాణ్ణి పిలవడానికి, వాళ్ల "ఒరె" తనను చెప్పుకోవడానికి. ఇంటర్వ్యూలో రెండింటి ఫలితమూ ఒకటే. అడిగే పెద్దమనిషి ముఖంలో చిరునవ్వు చెదరలేదట, ప్రశ్నలు మాత్రం రెండు నిమిషాల్లో ముగిశాయట. ఆ రాత్రి ఫోన్ చేసి "ఎక్కడ తప్పు చేశాను మేడమ్?" అని అడుగుతున్నవాడి గొంతు పూడుకుపోతుంటే, మొదటి రోజునే "వతషి" అనే మర్యాదైన "నేను" నేర్పిన నేను "ఒరె" ఎందుకు కూడదో ఒక్కసారైనా చెప్పలేదు కదా అనిపించింది.

అమ్మాయిల చిక్కు మరో రకం. ఆడవాళ్లు అలాగే మాట్లాడాలని నమ్మి, ప్రతి వాక్యానికీ "వా", "కషిరా" తగిలించే అమ్మాయిని ఆమె ఆఫీసులోని ముప్ఫై ఏళ్ల జపాన్ యువతి ఒకరు "ఇంత చక్కగా ఎక్కడ నేర్చుకున్నారు, మా అమ్మమ్మ ఇలాగే మాట్లాడుతుంది" అన్నారట. పోనీ, ఈ "స్త్రీల భాష" అనాది సంప్రదాయమా అంటే అదీ కాదు. మెయిజీ కాలంలో (1868–1912) బడికి వెళ్లే అమ్మాయిలు "తెయో", "దవా" అని వాక్యాలు ముగిస్తుంటే 1888లో రచయిత ఒజాకీ కోయో ఈసడిస్తూ రాశాడు. అలా చీదరించుకున్న పలుకుబడే తర్వాత మర్యాదస్తురాలికి గుర్తుగా నవలల్లోకి, పత్రికల్లోకి, అక్కడి నుంచి అనిమేలోకి ఎక్కింది.

చైనా పాత్రల "అరు" కథా ఇలాంటిదే. 1859లో యొకొహామా రేవు తెరుచుకున్నాక విదేశీ వర్తకులకూ స్థానికులకూ మధ్య పుట్టిన అతుకుల భాషలో అది కనిపిస్తుంది. ఆ భాష ఏనాడో పోయినా ముద్ర మాత్రం చైనావారికి అంటుకుపోయింది. నాతో పనిచేసిన చైనావారిలో ఒక్కరూ అలా మాట్లాడగా నేను వినలేదు. ఏళ్ల తరబడి మన సినిమాలు తెలంగాణ యాసను రౌడీలకూ హాస్యగాళ్లకూ అప్పగించిన తీరు తెలిసినవారికి నేను ఇంతకన్నా వివరించనక్కర్లేదు. ఇదంతా నవ్వులాటకే కదా అనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: దేశాలనే మనుషులుగా గీసిన "హెటాలియా"లోని కొరియా పాత్ర మీద దక్షిణ కొరియాలో నిరసన రేగి, 2009 జనవరిలో మొదలు కావాల్సిన టీవీ ప్రసారం రద్దయింది.

అపోహ: కార్టూన్‌లో షిన్‌చాన్ వాళ్ల అమ్మ భర్తను చితకబాదుతుంది, జీతం లాక్కుని చేతి ఖర్చులకు చిల్లర ఇస్తుంది, కాబట్టి జపాన్‌లో పెత్తనం ఆడవాళ్లదే.

వాస్తవం: ఇంటి జమాఖర్చు భార్య చూసుకుని భర్తకు నెలకింత అని ఇచ్చే అలవాటు చాలా ఇళ్లలో నిజమే. అయితే ఆ జీతం ఎవరిదో, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేది ఎవరో కూడా చూడాలి. ప్రపంచ ఆర్థిక వేదిక 2023 లింగ అంతరాల జాబితాలో 146 దేశాలకు జపాన్‌ది 125వ స్థానం. నవ్వబోయేవారికి ఒక మాట: మనది 127. అన్నట్టు, ఆ షిన్‌చాన్ 1990లో మొదలైంది పెద్దల పత్రికలో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. షోనెన్ (అబ్బాయిల కోసం), షోజో (అమ్మాయిల కోసం) అనేవి పాఠకుల వర్గాలు, కథారీతులు కావు. మాంగా అంతా మగవాళ్ల ఊహే అనేవారికి పేరున్న మాంగా రచయితలు తకహాషి రుమికో, అరకవా హిరోము ఇద్దరూ స్త్రీలేనని తెలియదు. ఆడవేషం, మగవేషం పుట్టుకతో వచ్చేవనుకునేవారు అందరూ స్త్రీలే నటించే తకరజుకా నాటక బృందం సంగతి తెలుసుకోవాలి: 2024 జనవరిలో అక్కడ "ఆర్ఆర్ఆర్" ఆడినప్పుడు భీమ్, రామ్ ఇద్దరి వేషాలూ వేసింది స్త్రీలే. స్థానం నరసింహారావు గారి సత్యభామను ఇప్పటికీ తలచుకునే మనకు ఇది వింత కాకూడదు.

ఇక తల్లిదండ్రుల భయం. కూతురి ఫోన్‌లో ఏదో అనిమే దృశ్యం చూసి, కరీంనగర్ నుంచి ఒక తండ్రి "అక్కడ ఆడపిల్లల్ని ఇట్లనే చూస్తరా మేడమ్, పంపొచ్చా?" అని అడిగారు. ఆయన్ని చూసి నవ్వడం నా వల్ల కాలేదు. అది అమ్ముకోవడానికి గీసిన బొమ్మ అని చెప్పాను. రైళ్లలో చేతులు వేసే వెధవలు అక్కడా ఉన్నారనీ, రద్దీ వేళల్లో ఆడవారికి ప్రత్యేక పెట్టెలు ఉన్నది అందుకేననీ కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఒసాకాలో చదువుకుంటోంది.

గుంటూరు అబ్బాయి రెండో ప్రయత్నంలో "వతషి"తో మొదలుపెట్టి నగోయాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. మొన్న మెసేజ్ పెట్టాడు: "మేడమ్, ఆఫీసులో స్నేహితులు తిడుతున్నారు, మా దగ్గర కూడా ఈ వతషి ఏమిటి, ఒరె అనొచ్చు కదా అని."